ఈజిప్టు రాకుమారిని చూడబోవు ముందు

ప్రతి సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగియగానే మన కళాశాలలో ఒకే చర్చ బయలుదేరును. విహారయాత్రకు ఎక్కడికి పోవలెను? మహానంది, యాగంటి, అహోబిలము, బెలుం గుహలు మనకు పెరటి చెట్ల వంటివి. నంద్యాల పిల్లలు మహానంది కోనేటి నీటిని, ఆళ్లగడ్డ పిల్లలు అహోబిలము కొండదారిని ఊహ తెలిసిన నాటినుండి ఎరుగుదురు. అందుచేత ఈ మారు చరిత్ర శాఖ పక్షాన మేము కమిటీవారి ముందు వేరొక ప్రతిపాదన ఉంచినాము. హైదరాబాదు పోయి, అక్కడి ప్రదర్శనశాలలలో ఉన్న ప్రాచీన ఈజిప్టు వస్తువులను, ముఖ్యముగా అక్కడ భద్రపరచిన మమ్మీని విద్యార్థులకు చూపవలెనని మా కోరిక.

కమిటీవారు కాదనలేదు, ఔననలేదు. మూడు ప్రశ్నలు అడిగినారు. అంత దూరము పోయి చూడదగిన ఈజిప్టు వస్తువులు హైదరాబాదులో నిజముగా ఏమున్నవి? ప్రయాణము, వసతి, ముఖ్యముగా విద్యార్థినుల విషయములో బాధ్యత ఎవరిది? మూడవ ప్రశ్న ఒక పెద్దవారు మెల్లగా అడిగినది. "ఎవరి బిడ్డయో చనిపోయినది. ఆ దేహమును అద్దాల పెట్టెలో ఉంచి నలుగురికీ చూపుచున్నారు. మన పిల్లలను తీసుకొనిపోయి దానిని చూపించుట మర్యాదయేనా, మాస్టారూ?" మొదటి రెండింటికి అక్కడికక్కడే జవాబు చెప్పగలిగినాము. మూడవదానికి ఆనాడు మా వద్ద జవాబు లేదు. ఆ తరువాత మాలో మేము చాల దినములు ఆలోచించినాము. ఈ వ్యాసము కమిటీవారికి మేము ఇచ్చుకొను సమాధానము. విద్యార్థులకు ముందుగా ఇచ్చు పాఠము కూడ.

ఈజిప్టు వస్తువులను చూడవలెనన్న నిజానికి పోవలసినది కైరోకే. 1902లో తహ్రీర్ కూడలిలో తెరచిన పాత ప్రదర్శనశాల ఒకటి అక్కడ ఉన్నది. గిజా పిరమిడ్ల సమీపమున నిర్మించిన గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియం 2025 నవంబరులో లాంఛనముగా ప్రారంభమైనది. బాలరాజు టూటంఖామున్ సమాధిలో దొరికిన అయిదు వేలకు పైబడిన వస్తువులకు ఇప్పుడు అదే నెలవు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో రోజెట్టా శిల ఉన్నది. 1799లో దొరికిన ఆ శిలయే ఆధారముగా 1822లో షాంపోలియన్ అను ఫ్రెంచి పండితుడు ఈజిప్టు చిత్రలిపిని చదువగలిగినాడు. ఇవన్నియు మన చేతికందని దూరములు. మన దేశములోనే కలకత్తా, జయపూరు, బరోడా, లక్నో నగరముల ప్రదర్శనశాలలలో మమ్మీలు ఉన్నవి. మనకు దగ్గరిది మాత్రము హైదరాబాదు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సు, అనగా బాగే ఆమ్.

అచ్చటి ప్రదర్శనశాల కథ కొంత చెప్పవలెను. నిజాం ప్రభుత్వము 1914లో పురావస్తు శాఖను నెలకొల్పి గులాం యజ్దానీ గారిని దానికి అధిపతిగా నియమించినది. అజంతా చిత్రములను లోకమునకు తెలిపిన వారిలో ఆయన ముఖ్యులు. ఆ శాఖ కృషి ఫలితముగా 1930లో హైదరాబాదు మ్యూజియం ఏర్పడినది. తరువాత అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మ్యూజియం అయినది. ఆ పిమ్మట డాక్టరు వై.ఎస్.ఆర్. పేరు ధరించినది, రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ రాష్ట్ర ప్రదర్శనశాల అయినది. ఇన్ని పేర్లు మారినను ఆటోవారికి మాత్రము "పబ్లిక్ గార్డెన్సు మ్యూజియం" అన్ననే తెలియును. విద్యార్థులు ఈ సంగతి గుర్తుంచుకొన్నచో నగరములో దారి తప్పరు.

అందులోని మమ్మీ 1920 ప్రాంతమున మన దేశమునకు వచ్చినది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారి అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని వెయ్యి పౌండ్లకు కొని, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారికి కానుకగా సమర్పించినారనియు, వారు 1930లో దానిని మ్యూజియమునకు ఇచ్చివేసినారనియు చెప్పుదురు. సంపన్నులైన యాత్రికులు ఈజిప్టు నుండి జ్ఞాపిక కొనితెచ్చినట్లు మమ్మీలను కొనితెచ్చుకొనిన కాలమది. ఒక మనిషి దేహమునకు వెల కట్టినారన్న మాట వినుటకే మనకు ఎట్లో ఉండును. ఆ సంగతికి మరల వచ్చెదము.

ముందు మాటల సంగతి చూతము. ఉర్దూ చదువు విద్యార్థులకు ఈ విషయములో మిగిలినవారికంటె ఒక అడుగు ముందు చోటున్నది. మనము ఈజిప్టు అనుచున్న దేశమును వారు మిస్ర్ అందురు. కలకండకు మిస్రీ అను పేరు ఆ దేశము మీదుగనే వచ్చినది. కనుక నోట మిస్రీ పలుకు వేసుకొనిన ప్రతివాడును ఆ దేశము పేరును తలచినవాడే. మమ్మీ అను మాట ఇంగ్లీషువారి సొంతము కాదు. అది అరబ్బీలోని మూమియా. దాని మూలము పారసీకములో మైనమునకు పేరైన మోమ్. మోమ్‌బత్తీలోని మోమ్ ఇదియే. ఆ దేహములపై నల్లగా గట్టిపడిన పూతను చూచి, అది తారు వంటి పదార్థమని అరబ్బులు భావించుటచే ఆ పేరు పడినది. ఇక ఫిరౌన్ అనగానే మన పిల్లలకు మూసా ప్రవక్త కథయే స్ఫురించును. "ఆ పెట్టెలో ఉన్నది ఫిరౌన్ కూతురా?" అని ఇప్పటికే మమ్ములను పలువురు అడిగినారు. ఫిరౌన్ ఒక మనిషి పేరు కాదు. ఈజిప్టు భాషలో పెర్-ఆ అనగా పెద్ద ఇల్లు, రాజభవనము. మనము "సర్కారువారు" అని ప్రభుత్వమునకును, ప్రభువుకును ఒకే మాట వాడినట్లు, వారు భవనము పేరునే రాజుకు పెట్టినారు. అదియు తొలినుండి కాదు. క్రీస్తుకు పూర్వము పదునైదవ శతాబ్ది నుండి మాత్రమే ఆ మాట రాజును సూచించుట కానవచ్చును.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. ఈ మమ్మీ నైషు అను రాకుమారిదనియు, ఆమె "ఆరవ ఫారో" కుమార్తె అనియు, యుక్తవయసులో మరణించినదనియు ప్రచారములో ఉన్నది. ఆమె రెండువేల మూడువందలు మొదలు రెండువేల అయిదువందల ఏండ్ల నాటిదని కూడ అదే నోట చెప్పుదురు. ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూచిన విద్యార్థి అక్కడనే ఆగిపోవలెను. ఈజిప్టులో రాచరికము సుమారు క్రీ.పూ. 3100 ప్రాంతమున మొదలైనది. ఆరవ రాజు అన్నచో అతడు దాదాపు 4900 సంవత్సరముల క్రిందటివాడు. పోనీ, ఆరవ రాజు కాదు, ఆరవ రాజవంశమని సర్దుకొందమన్నను అది 4100 సంవత్సరములకు మునుపటిదే. తండ్రి ఏనాటివాడో, బిడ్డ ఏనాటిదో! నడుమ రెండువేల ఏండ్లు ఏమైనవి?

ఆ కాలమునకు కొంత దగ్గరగా వచ్చు "ఆరవ" వాడు ఒకడున్నాడు. అలెగ్జాండరు తరువాత ఈజిప్టును ఏలిన గ్రీకు వంశములో ఆరవ టోలెమీ క్రీ.పూ. 180 నుండి 145 వరకు రాజుగా నుండెను. కాని ఆ వంశపు ఆడబిడ్డలకు క్లియోపాత్రా, బెరినీకే, అర్సినోయే అను గ్రీకు పేర్లు పెట్టుట పరిపాటి. నైషు అను పేరు అందులో ఇముడునా? లేక అమ్మినవాడు గిరాకీ పెంచుటకై సామాన్య గృహస్థుని బిడ్డను రాకుమారిని చేసినాడా? పురావస్తువుల వ్యాపారములో ఇట్టిది కొత్త కాదు. పోతే, కొన్నది ఆరవ నిజాం అల్లుడు, ఉన్నది ఆరవ ఫారో కూతురు. ఈ రెండు ఆరులలో ఒకటి రెండవదానికి అంటుకొనినదేమో అని మా శాఖలో ఒకరు నవ్వులాటకు అన్నారు. నవ్వులాటయే అయినను కొట్టివేయదగినది కాదు. విద్యార్థులు అక్కడ పలక మీది మాటలను పుస్తకములో ఉన్నవున్నట్లు వ్రాసికొని వచ్చి, ఏది సాక్ష్యము, ఏది చెప్పుడుమాట అని విడదీసి చూపవలెనని మా కోరిక. యాత్రనుండి వచ్చిన తరువాత మేము వ్రాయించబోవు వ్యాసమునకు విషయమిదే.

దేహము ఇన్ని ఏండ్లు చెడకుండుటకు మంత్రమేమియు లేదు. తేమ లేనిచో కుళ్లు లేదు, అంతే. బక్రీదు తరువాత మిగిలిన మాంసమును తునకలుగా కోసి, ఉప్పు పసుపు పట్టించి, దండెమునకు వ్రేలాడదీసి ఎండబెట్టుట మన ఇండ్లలో చూచినదే. మనిషి దేహము విషయములో ఈ పోలిక కొంత మోటుగా ఉన్నది, క్షమించవలెను. కాని సూత్రము మాత్రమొకటే. ఈజిప్టువారు దీనికి నేట్రాన్ అను ఒక విధమైన క్షారమును వాడినారు. ఎండిన సరస్సుల ఒడ్డున అది తెల్లగా పేరుకొనును. అందులో ముఖ్యముగా ఉండునది సోడియం కార్బొనేటు, బైకార్బొనేటు. మన పొలములలో తెల్లగా పొంగు చౌడును, పూర్వము చాకలివారు బట్టల ఉడుకుకు వాడిన చౌడుమట్టిని తలచుకొనుడు. నేట్రాన్ దానికి దగ్గరి చుట్టము.

మొదట మెదడును ముక్కు రంధ్రముల గుండా సన్నని కొక్కెముతో తీసివేసెడివారు. మెదడు వారికి పనికిమాలిన వస్తువు! ఎడమ పక్క చిన్న గాటు పెట్టి ఊపిరితిత్తులు, కాలేయము, జీర్ణకోశము, ప్రేగులు వెలికితీసి, వేరుగా ఎండబెట్టి నాలుగు కూజాలలో భద్రపరచెడివారు. గుండెను మాత్రము దేహములోనే ఉంచెడివారు. బుద్ధికి, మంచిచెడ్డలకు నిలయము అదియేనని వారి నమ్మకము. పరలోకములో ఆ గుండెను త్రాసులో ఒక ఈకతో సరితూచి న్యాయము నిర్ణయింతురని అనుకొనెడివారు. దేహమును నేట్రానుతో కప్పి నలువది దినముల వరకు ఆరనిచ్చి, పిమ్మట నూనెలు, జిగురులు పూసి, నారబట్ట పట్టీలు వందల గజములు చుట్టి, మొత్తము డెబ్బది దినములలో పని ముగించెడివారు. ఇందులోను తరగతులుండెను. ఖరీదైనది, నడిమి రకము, బీదలది అని మూడు విధములున్నట్లు క్రీ.పూ. అయిదవ శతాబ్దిలో ఈజిప్టు పోయిన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసినాడు. చావులోను డబ్బుకు తగిన వరుస ఉన్నదన్నమాట.

మూడువేల మైళ్ల దూరము వచ్చిన తరువాత ఎడారి పొడి గాలి ఎక్కడ, హైదరాబాదు వానకాలపు తేమ ఎక్కడ! కాలక్రమమున మమ్మీ పట్టీలు శిథిలము కాసాగినవి. 2016లో నిపుణులు దానిని ఎక్స్‌రే, సి.టి. స్కాన్ పరీక్షలు చేయించి, ప్రాణవాయువు సోకకుండ మూసిన పెట్టెలో భద్రపరచుటకు పూనుకొనినారు. కట్టు విప్పకయే లోపలి ఎముకలను చూడగల విద్య నేడున్నది. 19వ శతాబ్దిలో యూరపు ఖండమున ఇట్టి ఓపిక లేదు. కొందరు పెద్దమనుషులు సభ కూర్చి, అందరి ఎదుట మమ్మీ కట్లు విప్పి వినోదించినారు. అంతకు మునుపు శతాబ్దములలో మందుల అంగళ్లవారు మమ్మీలను పొడి చేసి ఔషధమని అమ్మినారు. చిత్రకారులు ఆ పొడిని గోధుమరంగుగా వాడుకొనినారు.

పెద్దవారు అడిగిన మూడవ ప్రశ్నకు ఇప్పుడు రావలెను. చూచుట మర్యాదయేనా?

మేము ముందుగా ఒప్పుకొనవలసినది ఒకటున్నది. ఈ ప్రశ్న అడుగక మునుపు మాకు అది తోచలేదు. మమ్మీ అనగానే ఒక వస్తువును చూడబోవుచున్నామనియే అనుకొనినాము. ఇంతకు మునుపు ఒక మారు విద్యార్థులతో పోయినప్పుడు, వారు ఆ పెట్టె ముందు రెండు నిమిషములకంటె ఎక్కువ నిలువలేదు. తిరుగుప్రయాణములో ఏమి చూచితివని ఒకనిని అడిగితే, "గుడ్డ చుట్టినది ఏదో ఉన్నది సార్" అన్నాడు. తప్పు వానిది కాదు. ఎవరిని చూడబోవుచున్నాడో మేము వానికి చెప్పలేదు.

ఈజిప్టుదేశమే ఈ ప్రశ్నకు తనదైన జవాబు ఒకటి చెప్పినది. 2021 ఏప్రిల్ 3న ఇరువదిరెండు రాజదేహములను, అందులో పదునెనిమిదిమంది రాజులు, నలుగురు రాణులు, పాత ప్రదర్శనశాలనుండి కైరోలోనే మరియొక కొత్త ప్రదర్శనశాలకు తరలించినప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క వాహనము అమర్చి, ఇరువదియొక్క ఫిరంగులు మ్రోగించి, దేశాధ్యక్షుడే ఎదురేగి స్వీకరించినాడు. అక్కడ ఆ దేహములున్న మందిరములో ఫోటోలు తీయరాదను నియమమున్నది. దేహములను చూపుట మానలేదు. కాని చూపు తీరును మార్చినారు. ప్రాచీన ఈజిప్టువారి కోరిక కూడ గమనింపదగినది. దేహము నశించరాదు, పేరు మరుగుపడరాదు అనుటకే వారు ఇంత శ్రమపడినారు. తన పేరును బ్రతికియున్నవారు పలుకవలెనని సమాధి గోడలపై వ్రాయించుకొనినారు. ఐతే పరదేశములో, పరుల నడుమ, డబ్బిచ్చి కొన్న పెట్టెలో ఉండవలెనని ఏ బిడ్డయు కోరుకొని ఉండదు. దీనిని మేము దాచము. కొన్ని దేశముల ప్రదర్శనశాలలు ఇట్టి దేహములను వెనుకకు పంపుటయో, చూపుట మానుటయో సరియని తలచుచున్నవి. విద్యార్థులలో ఎవరికైన అదియే న్యాయమని తోచినచో, వ్యాసములో నిర్భయముగా వ్రాయవచ్చును.

మా నిర్ణయము ఇది. పోవుదము, కాని ఖబ్రస్తానులో ఏ తీరున నిలుచుందుమో ఆ తీరున నిలుచుందము. పదిమందికి మించకుండ గుంపులుగా లోనికి పోవలెను. ఆ గదిలో ఫోను జేబులోనుండి బయటకు రాకూడదు. ముఖ్యముగా ఆ పెట్టెకు వీపు త్రిప్పి తమ ఫోటో తాము తీసికొనుట మాకు ఎంత మాత్రము సమ్మతము కాదు. చూచుటకు మనసొప్పని విద్యార్థి పక్కనున్న నాణెముల విభాగములో ఉండవచ్చును. ఎందుకని ఎవరును అడుగరు. ఈ మాటలను ఆ పెద్దవారికి చదివి వినిపించినాము. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఐతే పోకముందే ఆ బిడ్డ పేరు పిల్లలకు నేర్పుడు" అన్నారు. ఆ పేరే సందేహములో ఉన్నదని చెప్పినాము. "ఉన్న పేరే నేర్పుడు, సందేహము కూడ నేర్పుడు" అన్నారు. చరిత్ర పాఠము ఆయన మాకు చెప్పినట్లయినది.

మధ్యాహ్నము చూడవలసినది సాలార్‌జంగ్ మ్యూజియం. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ గారు సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ గారు దీనిని ప్రారంభించినారు. 1968లో మూసీ ఒడ్డున ఉన్న ఇప్పటి భవనమునకు మారినది. ఇందులోని ఈజిప్టు విభాగమున టూటంఖామున్ సింహాసనమునకు నకలు ఉన్నది. 1922 నవంబరులో హోవర్డ్ కార్టరు ఆ బాలరాజు సమాధిని కనుగొనినాడు. రాజు మరణించునప్పటికి పందొమ్మిదేండ్లవాడు. మన డిగ్రీ విద్యార్థి ఈడువాడే. సింహాసనపు వీపుపలక మీద రాజు కూర్చుండగా రాణి అతనికి సుగంధము పూయుచున్నది. పైన సూర్యబింబము, దాని కిరణములు ఒక్కొక్కటియు చిన్న చేయిగా ముగియును. ఆ చేతులను తప్పక గమనింపుడు. అసలు సింహాసనము గిజాలో ఉన్నది. నకలు అను మాట పరీక్ష హాలులో చెడ్డదే గాని ప్రదర్శనశాలలో కాదు. అసలును చూడజాలనివానికి మంచి నకలు సగము చదువు. అక్కడి సంగీత గడియారము ముందు గంట గంటకును జనము మూగుదురు. పన్నెండు దెబ్బలు వినవలెనని అందరికీ ఆశ. మనము పోవు వేళకు మూడే మ్రోగును; ముందే చెప్పుచున్నాము, అలుగవలదు.

పోవుటకు ఒక వారము ముందు ఆళ్లగడ్డలో ఒక పూట గడపవలెనని మా ఆలోచన. హైదరాబాదు యాత్రకు ఆళ్లగడ్డ ఎందుకని కొందరు అడిగినారు. రాతిని చూచుట నేర్వవలెనన్న అంతకంటె మంచి బడి మనకు లేదు. అక్కడి శిల్పులు దేవతామూర్తులను తాళమానము ప్రకారము చెక్కుదురు. ముఖము పొడవును ఒక కొలతగా తీసికొని, ఉత్తమ విగ్రహమునకు అట్టివి తొమ్మిది అని లెక్క కట్టుదురు. ఈజిప్టు శిల్పులదియు లెక్కయే. దారమును ఎర్రరంగులో ముంచి గోడపై బిగించి మీటి, చదరపు గళ్లు కొట్టెడివారు. నిలుచున్న మనిషికి అరికాలినుండి నుదుటి మీది జుట్టు అంచు వరకు పదునెనిమిది గళ్లు. శతాబ్దముల తరబడి ఈ లెక్క మారలేదు. అందుచేతనే వేయి ఏండ్ల ఎడమున్న బొమ్మలు కూడ అన్నదమ్ముల వలె కనబడును. ఇంకొక ప్రశ్నను మన విద్యార్థులు ఆళ్లగడ్డ శిల్పిని అడుగవలెను. ఇనుప ఉలి లేనిచో నల్లరాతిని ఏ విధముగా చెక్కుదువు? పిరమిడ్లు కట్టిన నాటి ఈజిప్టువారికి ఉన్నది రాగి ఉలి. అది గట్టి రాతి మీద వంగిపోవును. వారు అంతకంటె గట్టి రాతి గుండ్లతో కొట్టి కొట్టి, ఇసుకతో రాచి రాచి పని సాగించినారు. ఉలి పట్టినవాడు ఈ మాట విని చెప్పు జవాబు మా పుస్తకములలో దొరకదు.

ప్రాచీనత పరాయిదేశపు సొత్తనుకొనుట కూడ తగదు. మన జిల్లాలోని జుర్రేరు లోయలో జ్వాలాపురమున్నది. సుమారు 74,000 సంవత్సరముల క్రిందట సుమత్రా దీవిలోని టోబా అగ్నిపర్వతము ప్రేలినప్పుడు ఎగసిన బూడిద అక్కడ పొరగా నిలిచియున్నది. ఆ పొరకు క్రిందను పైనను మానవుని రాతి పనిముట్లు దొరికినవి. ఈ సంగతి 2007లో లోకమునకు వెల్లడియైనది. దాని ముందు పిరమిడ్లు నిన్నటివి.

ఇక తేదీ. ఇది చిన్న విషయమని తలచి మేము ఒక మారు చేతులు కాల్చుకొనినాము. మనకు శుక్రవారము సెలవు గనుక శుక్రవారము ఉదయమునకే హైదరాబాదు చేరునట్లు బయలుదేరినాము. రెండు ప్రదర్శనశాలలకును వారపు సెలవు శుక్రవారమే! తాళము వేసిన గేటు చూచి, చార్మినారు పోయి, గాజులు కొనుక్కొని తిరిగి వచ్చినాము. ముందుగా విచారించనిది మేమే. కొందరు పిల్లలు ఇంటివద్ద "మ్యూజియం చూచితిమి" అని చెప్పినారట. బయటినుండి చూచినమాట నిజమే.

అందువలన ఈ మారు శుక్రవారమును ప్రయాణమునకు కేటాయించినాము. జుమా నమాజు, భోజనము ముగించుకొని ఆళ్లగడ్డలో బస్సు బయలుదేరును. నలువది కిలోమీటర్లు వచ్చి నంద్యాలలో మిగిలినవారిని ఎక్కించుకొని, కర్నూలు మీదుగా పోవును. నంద్యాలనుండి హైదరాబాదు సుమారు 290 కిలోమీటర్లు. రాత్రి అక్కడ బస. శనివారము ఉదయము పదిన్నరకు పబ్లిక్ గార్డెన్సు. అలసట లేని వేళ మమ్మీని చూడవలెనని ఈ ఏర్పాటు. జుహరు నమాజు, భోజనము పిమ్మట సాలార్‌జంగ్. అది సాయంకాలము అయిదింటికి మూయుదురు. రాత్రికే తిరుగుప్రయాణము. రెండవ శనివారము ప్రభుత్వ సెలవుదినము గనుక ఆ వారము వద్దు. మరమ్మతులకై కొన్ని విభాగములు మూసియుంచుట కలదు. కనుక కళాశాల తరపున ముందుగా ఉత్తరము వ్రాసి, బయలుదేరుటకు రెండు దినముల ముందు టెలిఫోనులో మరల అడిగి తెలిసికొందము. విద్యార్థులకు రుసుములో తగ్గింపు ఉన్నదేమో ఆ ఉత్తరములోనే అడుగుదము. గుర్తింపుకార్డు లేనివారిని బస్సు ఎక్కించము.

విద్యార్థినుల విషయము. మా శాఖలోని ఇద్దరు అధ్యాపికలు వెంట వచ్చుటకు ఒప్పుకొనినారు. వసతి వేరుగా ఉండును. అయినను తల్లిదండ్రుల మనసు కుదుటపడుటకు ఇది చాలదని మాకు తెలియును. కావున తల్లులలో నలుగురికి బస్సులో చోటు ఉంచినాము. వారి ఖర్చు కళాశాల భరించవలెనని కమిటీవారిని కోరుచున్నాము. కిందటి యాత్రలో ఆడపిల్లలు ముగ్గురే వచ్చినారు. పరీక్షలలో చరిత్రకు మొదటి మార్కులు తెచ్చుకొనునది వారు, చూచి వచ్చునది మగపిల్లలా? ఆళ్లగడ్డలో ఒక సమావేశము, నంద్యాలలో ఒక సమావేశము పెట్టి తల్లిదండ్రులకు కార్యక్రమము మొత్తము ఉర్దూలోను తెలుగులోను వివరించెదము. ఎవరి ఇంటికైన రమ్మన్నచో పోయి చెప్పుటకును సిద్ధముగా ఉన్నాము.

కమిటీవారి అనుమతి ఇంకను చేతికి రాలేదు. పేర్లు మాత్రము వ్రాసికొనుచున్నాము. ఆళ్లగడ్డనుండి పదునొకండుగురు, నంద్యాలనుండి పదునాలుగుగురు ఇచ్చినారు; అందులో ఆడపిల్లలు తొమ్మిదిమంది. తల్లుల చోట్లు నాలుగింటిలో ఒకటి నిండినది.